అందరికీ దొరికితే సంతోషం తగ్గుతుందా?



మీ ఇంట్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలుంటే "కోబీలు" అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. కోబీ బ్రయంట్ పేరు మీద నైకీ కంపెనీ చేసే షూస్‌ని పిల్లలు అలా పిలుస్తారు. కొత్త జత విడుదలయ్యే రోజు, తూర్పు తీరం టైమ్ ప్రకారం ఉదయం పది గంటలకు, పిల్లలే కాదు, నలభై ఏళ్లవాళ్లు కూడా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటారు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోతుంది. దొరికినవాళ్లు కొందరు, దొరకనివాళ్లు చాలామంది. సాయంత్రానికల్లా అవే షూస్ వేరే యాప్‌లో ఎక్కువ ధరకు కనిపిస్తాయి. ఇక వాదన మొదలు. ఇంత తక్కువ ఎందుకు చేస్తారు, ఇది అన్యాయం అని కొందరంటారు. అందరి కాళ్లకూ అవే ఉంటే ఇక వాటికి విలువేముంది అని మరికొందరంటారు.

సంఘ పత్రికలో షూస్ గురించి వ్యాసమేమిటి అనుకోకండి. ఈ వాదనలో రెండు పాత ప్రశ్నలున్నాయి. కొరతగా ఉన్న వస్తువు ఎవరికి చెందడం న్యాయం? నా దగ్గరున్నది నీ దగ్గర లేదు కాబట్టే నాకు సంతోషం కలిగితే, ఆ సంతోషం ఎలాంటిది? మొదటి ప్రశ్నకు కంపెనీలూ ప్రభుత్వాలూ జవాబు వెతకాలి. రెండోదానికి మాత్రం ఎవరికి వారే జవాబు చెప్పుకోవాలి.

ఈ షూస్ వెనక కథ

కోబీ బ్రయంట్ 20 సీజన్లు లాస్ ఏంజిల్స్ లేకర్స్ అనే ఒక్క జట్టుకే ఆడి, 2016లో రిటైర్ అయ్యాడు. 2020 జనవరి 26న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన, 13 ఏళ్ల కూతురు జియానా, మరో ఏడుగురు చనిపోయారు. ఆ వార్త వచ్చిన వెంటనే రీసేల్ సైట్లలో ఆయన షూస్ ధరలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. ఒక ఇంట్లో ఇంకా అంత్యక్రియలు కూడా జరగలేదు, ఇంకో చోట లాభాలు లెక్కపెట్టుకుంటున్నారు. అప్పుడు మనసొప్పక అమ్మకం ఆపేసిన వ్యాపారీ ఉన్నాడు.

2021 ఏప్రిల్‌లో నైకీతో ఒప్పందం ముగిసింది. కుటుంబం దాన్ని పొడిగించలేదు. ఆయన వస్తువులు క్షణాల్లో అయిపోతున్నాయని, అవి అభిమానులకు దొరకాలి, వాళ్లు వేసుకోవాలి అన్నదే తన ఆశ అని భార్య వనెసా అప్పుడు చెప్పారు. 2022 మార్చిలో కొత్త ఒప్పందం కుదిరింది. 2023 ఆగస్టు 23న, ఆయన పుట్టినరోజున, "హేలో" అనే తెల్లటి జతతో ఈ షూస్ మళ్లీ మొదలయ్యాయి.

ఇప్పుడు వచ్చే కోబీలను "ప్రోట్రో" అంటారు. చూడటానికి పాత డిజైనే, లోపల కుషన్ మాత్రం ఈ కాలంది. అంటే ఇవి అద్దాల అల్మారా కోసం చేసినవి కావు, ఆడుకోవడానికి చేసినవి. ఎన్‌బీఏ ఆటగాళ్లలో చాలామంది ఈనాటికీ వీటినే వేసుకుని ఆడతారు. కానీ బయట కొన్నవాటిలో ఎన్నో జతలు పెట్టెలోంచి బయటికే రావు.

మూడు వైపులా వాదన

సేకరించేవాళ్లలో ఒక వర్గం, తక్కువగా ఉంటేనే గౌరవం అంటుంది. డిస్కౌంట్ స్టోర్‌లో కుప్పపోసి సగం ధరకు అమ్మితే ఆయన పేరుకే అవమానం అని వాళ్ల బాధ. ఒక్కో జతకు ఒక కథ ఉంది. 2010 క్రిస్మస్ రోజు ఆటలో ఆయన వేసుకున్న ఆకుపచ్చ "గ్రించ్" జత, పదేళ్ల తర్వాత 2020 డిసెంబరు 24న 180 డాలర్లకు మళ్లీ వచ్చింది. ఆ ఆటను నాన్న పక్కన కూర్చుని చూసిన పిల్లవాడికి అది కేవలం షూ కాదు. ఈ మాటను తీసిపారేయలేం. మన ఇళ్లలో కూడా అమ్మమ్మ చదివిన బైబిలు, తాతగారి చేతి గడియారం దాచుకుంటాం కదా.

రెండో వర్గం, ఆయన ఆటగాడు, ఆయన షూస్ కోర్టు మీద అరగాలి అంటుంది. హైస్కూల్ జట్టులో ఆడే పిల్లవాడికి 180 డాలర్లకు దొరకని జత, బాల్ పట్టుకోవడం కూడా రానివాడి గదిలో పది రంగుల్లో ఉండటం ఏం న్యాయం అని అడుగుతుంది.

మూడో వర్గం కొని అమ్మేవాళ్లది. "నేను ఎవరినీ బలవంతం చేయలేదు. కొనేవాడు ఇష్టపడే కొంటున్నాడు" అన్నది వాళ్ల మాట. స్టాక్‌ఎక్స్ లాంటి సైట్లలో షేర్ మార్కెట్‌లో లాగే కొనేవాడు ఒక ధర పెడతాడు, అమ్మేవాడు ఒక ధర పెడతాడు, రెండూ కలిసినచోట బేరం కుదురుతుంది. ఇందులో మోసం ఎక్కడుంది అని అడుగుతారు.

ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే ఈ వాదన తెగదు.

పంచడానికి ఎన్ని దారులు?

వస్తువు వంద, కోరేవాళ్లు వెయ్యి అయినప్పుడు పంచడానికి పెద్దగా దారులుండవు.

ఒకటి, ధర. 180 బదులు 600 పెడితే రద్దీ ఉండదు. కానీ కలవారి పిల్లలకే దొరుకుతుంది.

రెండు, క్యూ. డబ్బు తక్కువున్నా ఓపిక ఉన్నవాడికి అవకాశం ఉంటుంది. కానీ 2011 డిసెంబరులో ఎయిర్ జోర్డాన్ 11 "కాన్‌కార్డ్" జత విడుదలైన రాత్రి అమెరికాలో ఎన్నో మాల్స్ ముందు తోపులాటలు జరిగాయి. సియాటిల్ దగ్గర పోలీసులు పెప్పర్ స్ప్రే వాడాల్సి వచ్చింది. మన ఊళ్లో పెద్ద హీరో సినిమా మొదటి రోజు టికెట్ కౌంటర్ చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. బలం ఉన్నవాడు ముందుకెళ్తాడు, వెనక ఉన్నవాడు నలిగిపోతాడు.

క్యూ ఇంటర్నెట్‌లోకి వచ్చాక తోపులాట ఆగిపోలేదు, మన కంటికి కనబడకుండా పోయింది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. మనిషి సైజు ఎంచుకుని, అడ్రస్ చూసుకుని, బటన్ నొక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. బాట్ అనే ప్రోగ్రామ్‌కు సెకనులో చిన్న భాగం చాలు. అది ఒక్క అకౌంట్‌తో రాదు. వంద అకౌంట్లు, వంద వేర్వేరు ఇంటర్నెట్ అడ్రస్‌లు, ఒకే ఇంటి చిరునామాను కొద్దికొద్దిగా మార్చి రాసిన వంద రూపాలు. వెనక ఒక్కడే ఉంటాడు, సర్వర్‌కు మాత్రం వందమంది కనిపిస్తారు.

మూడు, లాటరీ. వేగం వల్ల వచ్చే అన్యాయం తగ్గాలని నైకీ తన ఎస్‌ఎన్‌కేఆర్‌ఎస్ యాప్‌లో కొన్ని నిమిషాల పాటు అందరి పేర్లూ తీసుకుని, తర్వాత డ్రా తీసే పద్ధతి పెట్టింది. ఇక్కడ వేగం అక్కరలేదు. కానీ వంద అకౌంట్లున్నవాడి పేరు పెట్టెలో వందసార్లు ఉంటుంది.

నాలుగు, అర్హత. నిజంగా ఆడేవాడికి, నిజంగా అభిమానించేవాడికి ఇవ్వడం. వినడానికి బాగుంటుంది. కానీ హృదయాలను చదివే యాప్ ఇంతవరకు ఎవరూ రాయలేదు.

చట్టం ఏమంటోంది? బాట్‌లతో టికెట్లు కొనడాన్ని ఆపడానికి అమెరికాలో 2016లో ఒక చట్టం వచ్చింది. అది కచేరీలు, ఆటల టికెట్లకే వర్తిస్తుంది, షూస్‌కు కాదు. 2021లో నైకీ ఉత్తర అమెరికా విభాగానికి అధిపతిగా ఉన్న ఒక అధికారి రాజీనామా చేశారు. ఆమె కొడుకు షూస్ కొని అమ్మే వ్యాపారం పెద్దఎత్తున నడుపుతున్నాడని, కొనడానికి ఆమె పేరు మీదున్న క్రెడిట్ కార్డు కూడా వాడాడని ఒక పత్రిక బయటపెట్టిన తర్వాత ఇది జరిగింది. చట్టం తప్పు పట్టిందా లేదా అన్నది పక్కన పెడితే, తెల్లారి లేచి ఫోన్ పట్టుకుని కూర్చున్న సామాన్యుడికి ఆ వార్త ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

ఈ లాటరీ మనకు తెలిసిందే

షూస్ లాటరీ మీకు చిన్న విషయంగా అనిపిస్తే, మన జీవితాల్లోని మరో లాటరీని గుర్తు చేస్తాను. హెచ్-1బీ వీసాలు ఏటా 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. మన ఫెలోషిప్‌లలో ఈ డ్రా కోసం ఉపవాస ప్రార్థన చేయని కుటుంబం అరుదు. 2023 వసంతంలో జరిగిన రిజిస్ట్రేషన్‌లో 7,80,000కు పైగా పేర్లు వచ్చాయి. అందులో 4 లక్షలకు పైగా, ఒకే మనిషికి ఒకటి కంటే ఎక్కువ కంపెనీలు వేసినవే. నిజంగానే రెండు మూడు కంపెనీల నుంచి ఉద్యోగం వచ్చినవాళ్లు కూడా అందులో ఉంటారు. కానీ అవకాశం పెంచుకోవడానికే వేయించుకున్నవాళ్ల గురించి అప్పట్లో అందరూ మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్ధతి మార్చి, దరఖాస్తులకు బదులు మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రిజిస్ట్రేషన్లు దాదాపు 4,80,000కు తగ్గాయి.

ఒక్కటే పేరు వేసి, డ్రాలో రాక, పెట్టె సర్దుకుని వెళ్లిపోయినవాళ్లు మనకు తెలుసు. వాళ్ల తరఫున మనం ఏమన్నాం? ఇది అన్యాయం, ఒక మనిషికి ఒక్క పేరే ఉండాలి అన్నాం. సరైన మాటే. మరి మన పిల్లవాడు షూస్ డ్రాలో నాన్న పేరు, అమ్మ పేరు, ఇండియాలో ఉన్న పెదనాన్న పేరు వేసినప్పుడు తెలివైనవాడని ఎందుకు మురిసిపోతాం? వస్తువు చిన్నది, నిజమే. కానీ ఇతరులు మనకు ఏం చేయాలని కోరుకుంటామో అదే వాళ్లకు మనం చేయాలని ప్రభువు చెప్పినప్పుడు, చిన్న వస్తువులకు మినహాయింపు ఇవ్వలేదు.

ధాన్యానికి ఒక న్యాయం, షూస్‌కు ఒక న్యాయమా?

సామెతల గ్రంథం 11వ అధ్యాయంలో, ధాన్యాన్ని అమ్మకుండా బిగపట్టేవాడి మీద జనం కోపం గురించి ఉంది. ధాన్యం లేకపోతే మనిషి చస్తాడు, కోబీలు లేకపోతే చావడు. కాబట్టి షూస్ దాచుకున్నవాణ్ణి కరువులో ధాన్యం దాచినవాడితో సమానం చేయడం సరికాదు. తన వస్తువు ఎన్ని చేయాలో నిర్ణయించుకునే హక్కు కంపెనీకీ ఉంది. ఒక చిత్రకారుడు యాభై ప్రింట్లు మాత్రమే తీస్తే అది పాపమని ఎవరూ అనరు. తక్కువగా చేయడం దానంతటదే తప్పు కాదు.

అయితే కొని అమ్మడం సంగతేమిటి? 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ తన "సుమ్మా థియోలాజికా"లో, వస్తువును దాని విలువ కంటే ఎక్కువకు అమ్మవచ్చా అనే ప్రశ్నను చర్చించాడు. అక్కడ ఆయన ఒక తేడా చూపించాడు. ఆ వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవాడికి నష్టం ఉంటే, ఆ నష్టం మేరకు ఎక్కువ అడగవచ్చు. తనకు ఏ నష్టమూ లేనప్పుడు, కొనేవాడికి గట్టి అవసరం ఉంది కదా అని ధర పెంచకూడదు. ఆ అవసరం కొనేవాడిది, దాన్ని అమ్ముకునే హక్కు అమ్మేవాడికి లేదు.

ఈ కొలతతో చూడండి. పదేళ్లు దాచుకున్న జతను ఇంటి అవసరం కోసం వదులుకుంటున్నవాడు ఎక్కువ అడిగితే అర్థం ఉంది, వాడు నిజంగా ఏదో పోగొట్టుకుంటున్నాడు. పాత జతలను వెతికి, శుభ్రం చేసి, అసలువో నకిలీవో చూసి అమ్మేవాడి కష్టానికీ కూలి ఉంది. పది గంటల ఒక నిమిషానికి కొని, పది గంటల ఐదు నిమిషాలకు రెట్టింపు ధరకు పెట్టినవాడు ఏం పోగొట్టుకున్నాడు? ఇక బాట్‌లతో వంద జతలు పట్టేసినవాడి సంగతి ఇంకా వేరు. కొనేవాడి అవసరాన్ని వాడు వాడుకోవడమే కాదు, ఆ కొరతలో కొంత భాగాన్ని వాడే తయారుచేశాడు. థియేటర్ ముందు టికెట్లన్నీ ముందే కొనేసి "బ్లాక్‌లో కావాలా?" అని అడిగేవాడిని మనం వ్యాపారి అని పిలవలేదు.

అసలు పరీక్ష

ఇప్పటిదాకా చెప్పింది ఇతరుల గురించి. ఇప్పుడు నిజాయితీగా, ఒకే జత కొనుక్కుని ప్రేమగా దాచుకున్నవాడి దగ్గరకు వద్దాం. వాడు ఎవరికీ అన్యాయం చేయలేదు. వాడిని ఒక్కటే అడుగుదాం. రేపు కంపెనీ అవే షూస్ పది లక్షల జతలు విడుదల చేసిందనుకో. నీ జతకు ఏమీ కాలేదు. అదే రంగు, అదే కుట్టు, అదే పేరు. నాన్నతో కలిసి చూసిన ఆ క్రిస్మస్ ఆట కూడా అలాగే ఉంది. నీ సంతోషం తగ్గిందా?

తగ్గలేదు అంటే వాడు నిజంగా ఆ షూస్‌ని, ఆ జ్ఞాపకాన్ని ప్రేమిస్తున్నాడు. అమ్మమ్మ బైబిలు విషయంలో మనకు ఇలాగే ఉంటుంది. అలాంటి బైబిళ్లు లోకంలో లక్షలు ఉన్నాయి, దానివల్ల మన ప్రేమ తరగదు. తగ్గింది అంటే మాత్రం, ఆ సంతోషం కొంత ఇతరుల ఖాళీ చేతుల నుంచి వస్తోంది. ఇలాంటి సంతోషానికి పక్కవాడి లేమి కావాలి. పక్కవాడికి మేలు జరిగితే అది కుంగిపోతుంది. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞతో ఇది ఒకే ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు.

వేరే దారి కూడా ఉందని చూపించిన ఆటగాడు ఒకడున్నాడు. స్టెఫాన్ మార్బరీ 2006లో, న్యూయార్క్ నిక్స్‌కు ఆడుతున్న రోజుల్లో, తన పేరు మీద "స్టార్‌బరీ" షూస్‌ని 14.98 డాలర్లకు తెచ్చాడు. ఎన్‌బీఏ ఆటల్లో తానూ అవే వేసుకున్నాడు. వాటిని అమ్మిన స్టీవ్ అండ్ బ్యారీస్ స్టోర్లు 2008లో దివాలా తీశాయి, నిజమే. అయినా ఆ కాలంలో ఒక పిల్లవాడు పదిహేను డాలర్లకు తన హీరో షూస్ వేసుకుని ఆడాడు. వాటిని పెట్టెలో దాచి రేపటి ధర లెక్కపెట్టుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

పెట్టెలో దాచినవి కూడా ఉండిపోవు. పాత జోర్డాన్‌లలో చాలావాటి అడుగున పాలీయూరిథేన్ అనే నురుగు ఉంటుంది. గాలిలోని తేమకు అది ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఒక్కసారి కూడా వేసుకోని జత, ఒకరోజు కాలు పెట్టగానే పొడిపొడిగా రాలిపోతుంది. చిమ్మెట, తుప్పు గురించి ప్రభువు చెప్పిన మాట షూస్ పెట్టెలో ఇలా కనబడుతుంది.

పిల్లలదే కాదు, మనదీ

పిల్లల షూస్ పిచ్చి చూసి నవ్వే తల్లిదండ్రులకు ఒక మాట. "మా అమ్మాయికి ఫలానా యూనివర్సిటీలో సీటు వచ్చింది" అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన సంతోషం, అదే సాయంత్రం మరో ఇద్దరి పిల్లలకు కూడా అక్కడే వచ్చిందని తెలిస్తే ఎంత మిగులుతుంది? ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది, ఏ కారు కొన్నాం, పెళ్లి ఏ హోటల్‌లో చేశాం అన్నవి కూడా మన లిమిటెడ్ ఎడిషన్‌లే. పిల్లలు ఈ విద్యను యాప్‌లో నేర్చుకోలేదు, మన డైనింగ్ టేబుల్ దగ్గర నేర్చుకున్నారు.

యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో, బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి ఒక చోటు, మాసిన బట్టలవాడికి ఒక చోటు చూపించే సంఘాన్ని గద్దించాడు. ఈరోజు మన యూత్ మీటింగ్‌లో కొత్తగా వచ్చిన పిల్లవాడి ముఖం కంటే ముందు కాళ్లు చూస్తారు. మన ఊళ్లో చాలా చర్చిల్లో చెప్పులు గుమ్మం బయటే విప్పి లోపలికి వెళ్తాం. ఎవరి చెప్పులు ఎంత ఖరీదో చాప మీద కూర్చున్నాక ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ షూస్‌తోనే కుర్చీల్లో కూర్చుంటాం. షూస్ విప్పించాలని నేననడం లేదు. కొత్త పిల్లవాడు తన కాళ్లు కుర్చీ కిందకు దాచుకోవాల్సిన పరిస్థితి మన మధ్య ఉందా అని ఒక్కసారి చూడమంటున్నాను.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

మీ పిల్లలు ఈసారి కోబీలు అడిగినప్పుడు వెంటనే వద్దనకండి, వెంటనే సరే అని కూడా అనకండి. కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు కలిసి ఆలోచించండి.

ఇవి వేసుకుని ఆడతావా, దాచుకుంటావా?

డ్రాలో నీ పేరు ఒక్కటే వేస్తావా?

నీకు దొరికి నీ స్నేహితుడికి దొరకకపోతే వాడితో ఏమంటావు? వాడికి దొరికి నీకు దొరకకపోతే మనస్ఫూర్తిగా బాగున్నాయని చెప్పగలవా?

కాలు పెరిగి ఇవి సరిపోకపోతే ఎవరికి ఇస్తావు? ఎంతకు?

అందరికీ దొరికినా ఇవి నీకు ఇంతే ఇష్టంగా ఉంటాయా?

అదే రోజు తల్లిదండ్రులు కూడా తాము పోయినేడాది కొన్న పెద్ద వస్తువు ఒకటి తలుచుకుని, చివరి ప్రశ్నకు పిల్లల ముందే జవాబు చెబితే బాగుంటుంది. పిల్లలు మన జవాబును మనం అనుకున్నదానికంటే జాగ్రత్తగా వింటారు.